గొట్టపు కాళ్ల కుర్చీలు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు ఫోను ఎత్తనందువల్ల ఈ చీటీ వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. చూసిన వెంటనే బయలుదేరు.

పాత రంగు కాల్చి వదిలించడానికి మీ షెడ్డుకు వచ్చిన ఇనుప కుర్చీలను నీ కూతురు పెద్ద ఓవెన్‌లో పేర్చింది. వాటి గొట్టపు కాళ్లు రెండు చివరలా మూసి ఉన్నాయి. వేడికి వ్యాకోచించే గాలి బయటికి పోవడానికి మీరు ఇదివరకు ప్రతి కాలికీ రంధ్రం వేసేవారు. ఈసారి వేయలేదు. పేలుతుందని దానికి చెప్పాను.

"కుర్చీల ఓనరు రంధ్రాలు కనపడకూడదన్నాడు అత్తా. నాన్న సరేనన్నారు. ఇప్పుడు కాదంటే ఓవెన్ కంటే ముందు నాన్నే పేలతారు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. దారిలేని గాలి గొట్టాన్ని చీల్చుకుని వస్తుంది. ఓవెన్ తలుపు దగ్గర నిలబడేది నీ బిడ్డే. భౌతికశాస్త్రం చదివినదాన్ని, ఊహించి రాయడం లేదు.

నీ వ్యాపారంలో ఇంతవరకు వేలు పెట్టలేదు. నీ సాయమూ కోరలేదు. ఈ పూట కోరుతున్నాను.

ఓవెన్ స్విచ్‌కు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "లే అత్తా, పని ఆగిపోతోంది" అని అది బతిమాలుతోంది. నీ నోటితో రంధ్రాలు వేయమని చెప్పేదాకా లేవను. అయితే అది ఎంతసేపు నా మాట వింటుందో చెప్పలేను.

నాకు భయంగా ఉందని నీకు ఎన్నడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. త్వరగా రా.

నీ అక్క