నిలువుగా ఊపిన తల

జిల్లా ఆసుపత్రి డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: శస్త్రచికిత్స వార్డులో ఉన్న నా భర్త రాంగెల్ వల్చెవ్ పొట్టను ఈ పూటే కోసి చూడవలసిందిగా వినతి.

1. నా భర్తకు కుర్రతనంలో అపెండిక్స్ తీశారు. ఆ పాత కోత దగ్గర పేగులు అతుక్కుని, ఆదివారం నాడు దారి మూసుకుపోయింది. వియన్నా నుంచి కొత్తగా వచ్చిన సర్జను హోల్ట్‌సర్ గారు ముక్కులోంచి గొట్టం దించి, కడుపులో పసరు తోడిస్తున్నారు. కింద నుంచి గాలి కదిలితే అడ్డు తొలగినట్టే, కోత అక్కర్లేదన్నారు. సరేనన్నాను.

2. గాలి కదలలేదు. పక్కనే కూర్చున్నదాన్ని, నాకు తెలుసు. అయినా డాక్టరు గారు వచ్చిన ప్రతిసారీ సంతోషంగా వెళుతున్నారు. ఈ సంతోషమే నాకు అనుమానం కలిగించింది. ఆపరేషన్ థియేటరు ఇంకెవరికో అట్టిపెట్టారనుకున్నాను. లంచం కవరు కోసం చూస్తున్నారేమో అని కూడా అనుకున్నాను. నర్సు రూస్కాను అడిగితే, "నీకు ఎవరిమీద అనుమానం లేదు వదినా? పెళ్ళినాడు పాదిరి గారినే నిలదీశావట" అంది.

3. కనుక ఈ ఉదయం తలుపు చాటున నిలబడ్డాను. ఇందుకు క్షమాపణ చెప్పుకోను. డాక్టరు గారు "గాలి పోయిందా?" అన్నారు. గొంతులో గొట్టం ఉన్నందున మాట రాక, నా భర్త తల నిలువుగా ఊపాడు. లేదని. ఆయన "భేష్" అని భుజం తట్టి వెళ్ళిపోయారు.

అయ్యా, మన బల్గేరియాలో అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఊపితే కాదు. చంటిపిల్లలకూ తెలుసు. వియన్నాలో ఇది తారుమారట.

4. అలలుగా వచ్చిపోయే నొప్పి ఇప్పుడు విడవడం లేదు. ఒళ్ళు కాలుతోంది. పొట్ట తాకనివ్వడం లేదు. లోపల పేగు చచ్చిపోయాక ఎవరి తల ఎటు ఊగి ఏం లాభం? కాపురానికి వచ్చింది మొదలు నేనేది అడిగినా తల నిలువుగానే ఊపిన మనిషి. అయినా నాకు ఆయనే కావాలి.

కావున తమరు తక్షణమే ఉత్తరువు దయచేయించి, పిమ్మట మాత్రమే మిగతా సంగతులు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్నెజాంకా వల్చెవా

తా.క.: ఇది తమ గుమాస్తాకు ఇవ్వబోతుండగా హోల్ట్‌సర్ గారే పరుగున వచ్చారు. తల సంగతి రూస్కా చెప్పేసిందట. ముఖం కందిపోయి ఉంది. పేగు నల్లబడి ఉండవచ్చు, కొంత తీసి కుట్టాల్సి రావచ్చునని చెప్పి, "ఒప్పుకుంటారా?" అన్నారు. పరదేశి కదా, తెలియాలని ఆయన పద్ధతిలోనే నిలువుగా ఊపాను. ఆయన అప్పటికే మన పద్ధతి నేర్చుకున్నారు. వెనక్కి తగ్గి, "ఎందుకు వద్దంటున్నారమ్మా?" అన్నారు.

చెయ్యి పట్టుకుని, "కొయ్యి నాయనా" అన్నాను.

థియేటరు తలుపు మూశారు. అర్జీ వెనక్కి తీసుకోను. బయటికొచ్చాక డాక్టరు గారు తల ఎటు ఊపినా నమ్మను. నోటితో చెప్పాలి.