నాగూరమ్మ ఒట్టు

ఇందుకూరుపేట,
18-11-1961

చిరంజీవి ప్రమీలకు నాన్న ఆశీస్సులు. నువ్వూ పసిబిడ్డా కులాసా అని తెలిసి నెమ్మదించాను. ఇక్కడి క్షేమం గురించి రాయడానికి ఏమీ లేదు.

పురిటి మంచం మీద ఉండి రాలేకపోయావు. అమ్మ చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. పొద్దున రెండు గుక్కల గంజి తాగింది. వాపు మోకాళ్ళు దాటింది. డాక్టరు ఉప్పు మాన్పించి నాలుగు నెలలైంది కదా. "సముద్రం పక్కన కాపురం పెట్టి ఉప్పు లేకుండా చంపతా ఉండారే" అని నవ్వింది. మధ్యాహ్నం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పింది. మూడు గంటలకు మాట పడిపోయింది. దీపాలవేళకు పోయింది.

నాగూరమ్మ చెయ్యి మానిందా అనీ అడిగావు. మన ఇంట్లో పనిచేసిన ఆ పదేళ్ళ పిల్ల గంజి ఒలకబోసుకుని చెయ్యి కాల్చుకుందని నీకు రాశాను. అది అబద్ధం.

వినాయక చవితి ముందు ఒకరోజు, అమ్మకిచ్చే గంజి చల్లారిందా అని చూడబోతే నోటికి ఉప్పు తగిలింది. పిల్ల పావడ ముడిలో ఉప్పు రాళ్ళు దొరికాయి.

"ఎందుకు వేశావే?"

"చెప్పనయ్యా."

"చెప్పకపోతే ఏం చేస్తానో తెలుసా?"

"కొట్టండయ్యా."

అట్లకాడ పొయ్యిలో కాల్చి దాని అరచేతికి ఆనించాను. కేక వేసింది. చెప్పలేదు.

మూడో రోజు దాని తండ్రి చిన్నపోలయ్య మైపాడు నుంచి వచ్చాడు. గంజి ఒలికిందని అతనికీ చెప్పాను. "చూసుకుని పని చెయ్యొద్దా? అయ్యగారికెంత ఇబ్బంది!" అని కూతుర్నే కసిరి, నాకు దండం పెట్టి తీసుకుపోయాడు.

అది నా మొదటి దెబ్బ కాదు. నీ పెళ్ళిలో గాజుగ్లాసు పగలగొట్టిందని కొట్టినప్పుడు నువ్వు చూశావు. చూసి లోపలికి వెళ్ళిపోయావు.

చివరి మధ్యాహ్నం అమ్మ చెప్పింది ఇదీ: "కోప్పడబాకండి. ఉప్పు నేనే అడిగినా. ఎవురికన్నా చెప్తే నా మీద ఒట్టని దాని చెయ్యి నా తలమీద పెట్టించుకున్నా. మీరు కాల్చేటప్పుడు వింటానే ఉండా. భయపడి పలకలేదు." తర్వాత, "ఒట్టు తీసి గట్టున పెట్టినానని దానికి చెప్పండి" అంది.

ఒట్టు తప్పితే అమ్మ చచ్చిపోతుందని ఆ పిల్ల నమ్మింది. బి.ఏ. చదివిన నేను దాన్ని మొండితనం అనుకున్నాను.

అయినా పది రోజులుగా ఇల్లు కదలలేదు. నిన్న మైపాడు బస్సు కండక్టరు హనీఫా పలకరించడానికి వచ్చాడు. పిల్ల వేళ్ళు రెండు అరచేతికి అతుక్కుపోయాయట. అమ్మ పోయిందని విన్నప్పటి నుంచి అన్నం ముట్టడం లేదట. "నేనెవురికీ చెప్పలేదు, నేనెవురికీ చెప్పలేదు అని ఒకటే ఏడుపు సార్. ఏం చెప్పలేదో మాకెవురికీ తెలీలా" అన్నాడు.

నాకు తెలుసు.

రేపు పొద్దున మొదటి బస్సుకు మైపాడు వెళతాను. ముందు పిల్లకు, అమ్మ ఒట్టు తీసేసిందని చెబుతాను. తర్వాత చెయ్యి కాల్చింది నేనేనని చిన్నపోలయ్యకు, వాళ్ళ ఊరి పెద్దల ఎదుట చెబుతాను. అతను ఒప్పుకుంటే పిల్లను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతాను. మన ఇంటికి మాత్రం తీసుకురాను.

ఇట్లు,
నీ నాన్న
పద్మనాభయ్య