అమ్మ కిటికీలో చాక్లెట్ మిల్క్‌షేక్

ఏప్రిల్ 3
మిక్సీ వచ్చింది! ఎర్రది. ఆగలేక ఉత్త నీళ్లు పోసి తిప్పాను. ముందు గదిలో బీడీలు చుడుతున్న అమ్మ ఉలిక్కిపడింది. "ఏందే గా మోత!"
చెప్పేశాను. చాక్లెట్ మిల్క్‌షేక్ అమ్ముతానమ్మా, మన వీధి కిటికీలోంచే... ట్యూషన్ పిల్లలంతా సాయంత్రం ఇటే పోతారు కదా.
అమ్మ కిటికీ వైపు ఒకసారి చూసి మళ్లీ బీడీ అందుకుంది. ఆ కిటికీ అమ్మది. ఇరవై ఏళ్లుగా బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆ వెలుతురులోనే కూర్చుంటుంది. ముందు గదికి ఉన్నది అదొక్కటే.

ఏప్రిల్ 4
అమ్మ షరతు — "బయటోళ్లు ఎవలన్న తాగి మంచిగున్నదనాలె. గప్పుడు సూద్దాం."
సరే! చూద్దాం కాదు, చూపిస్తాను.

ఏప్రిల్ 5
పాలు విరిగాయి. బోధన్ నుంచి అక్క పంపిన బెల్లం ఉండగా చక్కెర దేనికని బెల్లమే వేశాను — పాలు పొయ్యి మీద ఉండగానే. నా తొందర తగలెయ్య! విరిగినదంతా నేనే తిన్నాను. రుచి మాత్రం... అబ్బ.

ఏప్రిల్ 6
కుదిరింది! కుదిరింది! పాలు కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి — అప్పుడు బెల్లం తురుము, కోకో పొడి. గిర్రున ఒక్క తిప్పు. పైన వేలెడు నురగ.
అమ్మ సగం గ్లాసు తాగింది. అమ్మతో పాటు బీడీలు చుట్టే పక్కింటి లక్ష్మక్క గ్లాసు అడుగున వేలు పెట్టి నాకింది. "ఏం జేసినవే పిల్లా!"
కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఏప్రిల్ 8
సిలిండర్ తెచ్చే అన్న వచ్చాడు. మోస్రా ఊరాయన. బయటివాడే! చల్లటి గ్లాసు చేతికిచ్చి ముఖమే చూస్తూ నిలబడ్డాను.
ఒక్క గుటక. ఆగాడు. "చెల్లె... ఏమనుకోకు. తంబాకు వాసన కొడుతున్నది."
తంబాకా! బీడీల్లో నింపే పొగాకు వాసనా! నేను వాసన చూశాను. లేదు. అమ్మ చూసింది. లక్ష్మక్క చూసింది. "ఏడున్నదయ్యా?"
మా ముగ్గురికీ తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం
దొరికింది. కోకో పోసిన డబ్బా. ఒకప్పుడు అమ్మ తంబాకు పోసుకున్నదే. నాలుగుసార్లు కడిగానే... మా ముక్కులకు అది శుభ్రం. పుట్టినప్పటి నుంచి పీలుస్తుంటే ఇంకేం తెలుస్తుంది? ఏడుపొచ్చింది. అమ్మ తన చేతులు వాసన చూసుకుంటూ కూర్చుంది. అది చూడలేకపోయాను.

ఏప్రిల్ 10
కొత్త స్టీలు డబ్బా. కొత్త కోకో. అమ్మతో పాటు రోజూ చుట్టేదాన్ని, రెండు రోజులుగా ఒక్క బీడీ చుట్టలేదు. పూటకోసారి నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటున్నాను. నా వంతు బీడీ ఆకు కూడా అమ్మే చుడుతోంది.

ఏప్రిల్ 12
అన్న పక్కింటికి సిలిండర్ తెచ్చాడు. పరుగెత్తి పట్టుకొచ్చాను. పాపం, ముందు వాసన చూశాడు. గ్లాసు ఎత్తాడు... ఖాళీ అయ్యేదాకా దించలేదు!
"ఇంకింత ఉందా చెల్లె? సీసల పోసియ్యి, మా బిడ్డకు తీస్కపోత."
గెలిచాను! గంతేసి అమ్మ వైపు తిరిగాను. అమ్మ తలెత్తలేదు. బీడీకి దారం చుడుతూనే ఉంది.

ఏప్రిల్ 13
లేచేసరికి కిటికీ దగ్గర అమ్మ లేదు. చాట, కత్తెర, ఆకు — అన్నీ వెనక గడప దగ్గరికి వెళ్లిపోయాయి. అక్కడ సగం చీకటి. ఆకు కళ్ల దగ్గరికి ఎత్తుకుని చుడుతోంది.
"గక్కడెందుకు కూసున్నవమ్మా?"
"కిటికీల ఎండ కొడుతున్నదే."
ఇరవై ఏళ్లు కొట్టని ఎండ.
సంతోషం పట్టలేకపోతున్నాను. సిగ్గుగానూ ఉంది. కిటికీ రెక్కలు తుడిచాను. బల్ల తెచ్చాను... గోడకు ఆనించి ఉంచాను. ఇంకా వేయలేదు.