ఇంటినుంచే, మేడం

అక్కా, నా ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు. నీ దగ్గర ఉంచిన మా అమ్మాయి ఎందుకు అలిగిందో చెబుదామని ఈ కార్డు.

మా ఆంబులెన్సు కంట్రోలు గదిలో ముప్ఫై కుర్చీలకి ఇరవై మందిమే ఉన్నాం. అందుకే బండి గుమ్మం చేరగానే ఫోను పెట్టేసి, తరవాతి కాల్ ఎత్తాలని నియమం. ఆ రోజు ఒక పెద్దాయన భార్య పడిపోయింది. ఫోనులోనే ఆయనతో పాటు లెక్కపెడుతూ పదకొండు నిమిషాలు ఆవిడ ఛాతీ నొక్కించాను. బండిలోని నర్సూ డ్రైవరూ వాళ్ళింట్లోకొచ్చారు. "నువ్వు మాత్రం పెట్టెయ్యకమ్మా" అన్నాడాయన. పెట్టేశాను. ఆవిడ బతికిందో లేదో తెలియదు. మాకెప్పుడూ తెలియదు.

ఆ వెంటనే టీ విరామంలో మీ ఇంటికి ఫోను చేశాను. అమ్మాయి ఎత్తగానే అలవాటుకొద్దీ "ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారండీ?" అనేశాను.

"ఇంటినుంచే, మేడం. ఇక్కడెవరూ పడిపోలేదు, మీ పని చూసుకోండి" అని పెట్టేసింది.

రెండు వారాలైంది, ఫోను దగ్గరికే రావడం లేదు. దాని తప్పేం లేదు. ఇంత దూరం ఈ ఉద్యోగానికి రావడమే తప్పేమో, ఎంత ఆలోచించినా తేలడం లేదు.

దాని కళ్ళజోడు మార్పించావా? బావగారి మోకాలు ఎలా ఉంది? ఆదివారం నాకు సెలవు. ఎలాగోలా బతిమాలి దాన్ని ఫోను దగ్గర కూర్చోబెట్టు. మాట్లాడకపోయినా సరే, ఫోను పక్కన పెట్టుకుని చదువుకోమను. పేజీ తిప్పే చప్పుడు వింటాను.

దానికి ఆశీస్సులు, బావగారికి నమస్కారాలు.

నీ చెల్లెలు