వాయవ్య మూల రాయి

పాకాల,
17-6-2001

చిరంజీవి వంశీకి,

అవ్వ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద గనక రాస్తున్నాను, నమ్మొద్దు.

నీ జాబులో రెండు తప్పులు. 'వాయువ్యం' కాదు, వాయవ్యం. రెండోది, మన స్థలంలో ఆ మూల ఉండేది హద్దురాయి కాదు. ఖాళీ స్థలంలో ఎవరో తప్పుగా పాతిన హద్దురాయి, పెరికెయ్యమని నువ్వు నాయుడుపేటలో ఫ్యాను కింద కూచొని రాసేసినావు. మన ఇల్లు కట్టే ఏకాంబరం మేస్త్రీకి అదే వేదవాక్కు. కంపచెట్లు కొట్టించి, నేల చదును చేయించి, రాయి పెరికించి, దాని మీద నీళ్ల డ్రమ్ము నిలబెట్టినాడు.

మీ అమ్మ రేవతి చూసింది. కూలోళ్ల చేత డ్రమ్ము దించి, రాయి కడిగి, చెంగుతో తుడిచి, మళ్లీ ఆ చోటికే దొర్లించుకుంది. అప్పటినుంచి రేవతి నోట్లో మెతుకు పెట్టలేదు.

మరునాడు మేస్త్రీ లెట్రిన్ గుంత తవ్వేదానికి గడ్డపారలు తెచ్చినాడు. వాస్తు ప్రకారం అది వాయవ్యంలోనే ఉండాలంట. నేను కుర్చీ వేయించుకొని రాయి పక్కనే కూచున్నాను. అవ్వా, రోంత లెయ్యమ్మా, నీడకు పో అన్నాడు. ఎండకు నల్లబడే వయసు దాటిపోయిందప్పా అన్నాను. ముసలామెకు నేల మీద ఆశ సావలేదని కూలోళ్లు నవ్వుకున్నారు. నవ్వనీ.

గుంత ఇంకో పక్కకు జరపమంటే, వంశీ చెప్తే జరుపుతా అంటాడు. బళ్లో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని, నా మాటకు వాస్తు లేదు. ఆ మూల గడ్డపార పడితే మాత్రం మీ అమ్మ మనకు దక్కదు.

ఇట్లు,
ఇంకా కుర్చీ దిగని మీ అవ్వ,
ఆదిలక్ష్మమ్మ

తా.క.: ఫోను వరదమ్మ ఇంట్లో ఉండాది, ఆమె చెవులూ అక్కడే ఉంటాయి. అందుకే జాబు. నీకు ముందు మీ అమ్మకు ఒక ఆడబిడ్డ పుట్టింది. పేరు పెట్టకముందే పోయింది. పళ్లు రాని బిడ్డను కాల్చరు గదా. అప్పుడది మన శెనక్కాయల చేను. మీ తాత ఆ మూల పూడ్చి, నక్కలు తవ్వకుండా రాయి పెట్టినాడు. నీకు చెప్పొద్దని మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. రాయే కదిలినాక మాట ఎట్లా నిలుస్తుంది?

రెండు తప్పులన్నాను గదా, మూడోదీ ఉండాది. 'ఖాళీ స్థలం' అని రాసినావు.

ఏకాంబరానికి ఈ పొద్దే ఫోన్ చెయ్. వచ్చేటప్పుడు తిరుచానూరులో దిగి, గుడి ముందర అంగళ్లలో పసిబిడ్డకేసే నల్లగాజులు ఒక జత తీసుకురా. కొలత అడిగితే, పేరు పెట్టే రోజుకని చెప్పు.