విజయవాడ స్టేషనే పెట్టండి

ఏవండీ, అన్నం వండి ఉంచాను, లేవగానే తినండి. నిన్న గాలివానకి రాలిన మామిడికాయలు ఏరించడానికి ఆగిరిపల్లి తోటకి వెళ్తున్నాను.

రేడియోకి కొత్త సెల్సు వేశాను. దయచేసి విజయవాడ స్టేషనే పెట్టండి. దగ్గరది కాబట్టి చిన్న సౌండుకే వినపడుతుంది, సెల్సు నెల రోజులు వస్తాయి. సిలోను స్టేషను దూరం, సరిగా అందదని మీరు సౌండు పూర్తిగా పెంచుతారు, వారానికే సెల్సు అయిపోతాయి. మొన్న సాయంత్రం వాతావరణ సూచన మొదలవగానే రేడియో ఆగిపోయింది. "సెల్సే నాసిరకంవి" అన్నారు మీరు. ఆ సూచన విని ఉంటే నిన్న పొద్దున్నే కాయలు కోయించేవాళ్ళం.

రిబ్కమ్మ

తా.క. ఆ వానలో తోటకి పరిగెత్తి జ్వరం తెచ్చుకున్నారు. మిరియాల కషాయం పొయ్యి మీద ఉంది, తాగి పడుకోండి. నా వెనకాల రావద్దు. పోయినవి కాయలేనండీ.