ఏడో తరగతి దాకా

జూలూరుపాడు,
12-7-2006.

లూకా గారికి మీ భార్య జోజమ్మ వందనాలతో రాయునది. ముందుగా నా వంకర రాతను, తప్పులను క్షమించండి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ప్రభువు దయవల్ల ఇక్కడ అత్తమ్మ, నేను బాగున్నాం. దవాఖానా డ్యూటీలో రోజంతా నిలబడి మీకు వచ్చిన కాళ్ల నొప్పులు తగ్గాయని తలుస్తాను.

అత్తమ్మ మోకాలి గురించి అడిగారు. వాపు తీసింది. నిన్న పత్తిచేనులో కలుపుకు కూడా వెళ్లి వచ్చింది, వద్దన్నా వినలేదు.

ఇంగ్లీషు క్లాసు ఎలా ఉందని అడిగారు. చర్చి వెనక గదిలో సాయంత్రం ఆరుగురం కూర్చుంటాం. పోయిన వారం సిస్టరమ్మ 'యూజ్‌డ్ టు' నేర్పింది. చిన్నప్పుడు రోజూ చేసిన పనులకు అది పెట్టాలట. దానితో చిన్ననాటి జ్ఞాపకాలు ఐదు వాక్యాలు రాయమంది. నేను మొదట 'ఐ యూజ్‌డ్ టు గో టు స్కూల్' అని రాయబోయాను, నేను రోజూ బడికి వెళ్లేదాన్ని అని. స్కూలుకు స్పెల్లింగు రాక, తండా నుంచి వచ్చే జమ్లిని అడిగాను.

"రోజూ పోయినవంట గదా, బడి బోర్డు మీదనే రాసి ఉంటది, సూడలేదా ఏంది?" అంది జమ్లి. అందరూ నవ్వారు. సిస్టరమ్మ మాత్రం స్పెల్లింగు చెప్పి రాయించి, "నవ్వకుండ్రి, మంచిగ రాసింది" అని ఎర్ర టిక్కు పెట్టింది. ఆ టిక్కు చూశాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇక మీరు అడిగిన సర్టిఫికెట్. అంగన్‌వాడీ ఆయా పోస్టుకు ఏడో తరగతి ఉండాలని, నెలాఖరులోపు పంపమని రాశారు. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. అది నా దగ్గర లేదండీ. పోగొట్టుకోలేదు, అసలు లేదు. నేను చదివింది మూడే.

మూడు కాగానే అమ్మ నన్ను చండ్రుగొండలో వెంకటప్పయ్య గారింట్లో పనికి పెట్టింది. వాళ్ల పాప మనోజ్ఞకు మధ్యాహ్నం బడికి అన్నం క్యారేజి తీసుకెళ్లడం నా పని. ఆ పిల్ల తినేదాకా గేటు దగ్గర నిలబడి, గిన్నెలు కడుక్కుని వచ్చేదాన్ని. ఒకసారి పాఠం వినబడుతుందని వరండాలోకి వెళితే టీచరు, "క్యారేజి పిల్లా, గేటు కాడ ఉండు" అంది. మనోజ్ఞ ఏడు పాసయ్యేదాకా అలాగే వెళ్లాను.

మీరు చూపులకు వచ్చిన రోజు అత్తమ్మ, "ఎందాక సదివినవ్ బిడ్డా?" అంటే, "ఏడు దాకా బడికి పొయ్యేదాన్ని" అన్నాను. అన్నది అబద్ధం కాదులే అని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "మా కోడలు ఏడు సదివింది" అని అత్తమ్మ బోరింగు దగ్గర పదిమందికి చెబుతుంటే, బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేస్తాను.

అంగన్‌వాడీ ఆఫీసులో నా పేరు చెప్పి ఉంటే తీసేయించండి. కోపం వస్తే కోపంగానే రాయండి. రాయకుండా మాత్రం ఉండకండి.

ఈ ఉత్తరం చదివి కాల్చేయమని రాసి, ఆ మాట కొట్టేశాను. కాల్చొద్దు. ఈసారి వచ్చినప్పుడు అత్తమ్మకు మీరే చదివి వినిపించండి. నేను పక్కనే కూర్చుంటాను. మధ్యలో లేచి వెళ్లను.

ఇట్లు,
మీ భార్య,
జోజమ్మ.